‘మందు రాసిన వారు’ అన్న గడి

టిబిలిసి, జార్జియా
ఆదివారం, పొద్దున

అక్కకు,

తమ్ముడు సమ్మయ్య దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను, నీ మరదలు సుజాత బాగున్నాం. నువ్వు కూడా బాగున్నావని తలుస్తాను అని రాయాలి. పోయిన ఆదివారం ఫోన్లో నీ దగ్గు విన్నాను. మాట మధ్యలో రెండుసార్లు ఫోన్ రజిత చేతికి ఇచ్చావు. అందుకని ఆ మాట రాయను. జ్వరం వస్తున్నదా, కఫం ఏ రంగులో పడుతున్నది, ఇంటి ముందటి నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తున్నదా, ఇవి రజితతో చెప్పించు.

రజితా, అమ్మకు ఈ ఉత్తరం పైకి చదివేది నువ్వే. మధ్యలో ఒకచోట నీకు ఆపాలనిపిస్తుంది. నాలుగు వాక్యాలు మింగేసి ముందుకు పోవాలనిపిస్తుంది. పోవద్దు. మామ అడుగుతున్నాడు, ఉన్నది ఉన్నట్టు చదువు.

ఫోనుండగా ఉత్తరమెందుకని అడుగుతావు అక్కా. మూడు ఆదివారాలు ఫోన్లో చెబుదామని మొదలుపెట్టి, మూడుసార్లూ మంచు గురించి మాట్లాడి పెట్టేశాను. కాగితమైతే తప్పించుకోవడం కుదరదు. మా మెస్‌లో తినే సుష్మ, ధర్మసాగర్ పిల్ల, సెలవులకు ఇంటికి వస్తున్నది. ఈ ఉత్తరం, దీంతోపాటు ఒక నీలం ఫైలు ఆమె చేతికి ఇస్తున్నాను. రాయడానికి కూర్చుంటే నాకు పేపరు భాషే వస్తుంది, ఏమనుకోకు. ముప్పై ఏళ్ల అలవాటు.

ముందు ఇక్కడి సంగతులు. ఈ చలికాలం మంచు రెండుసార్లే పడింది, చలి మాత్రం రోజూ ఉంది. గది లోపల హీటరు ఉంది కాబట్టి ఇబ్బంది లేదు, ఫికర్ చేయకు. పొద్దున ఆరింటికి లేచి కూరగాయల మార్కెట్‌కు పోతాను. మెస్‌లో మన తెలుగు పిల్లలే నూట ఇరవై మంది. అందరూ డాక్టరు చదువుకు వచ్చినవాళ్లే. వాళ్లకు అన్నం, గదులు, పోలీసు ఆఫీసులో కాగితాలు, జ్వరమొస్తే దవాఖాన, ఇవన్నీ నా పని. పేపరు వాళ్లు వరంగల్ డెస్కు ఎత్తేసినప్పుడు ఈ వయసులో ఇంకేం పని దొరుకుతుందని ఏడ్చావు. దొరికింది. మెస్ మేనేజర్‌ను. వంట సుజాత చూస్తుంది. ఆమె పప్పుచారు కోసం కరీంనగర్ పిల్లలు, ఖమ్మం పిల్లలు కొట్లాడుకుంటారు.

ఇక్కడి రొట్టె బాగుంటుంది. గుండ్రటి మట్టి పొయ్యి లోపలి గోడకు అంటించి కాలుస్తారు, రెండు చివర్లా కోసుగా పడవలాగా ఉంటుంది. కొత్తిమీర మనకంటే ఎక్కువ తింటారు. ఎండు మిరపకాయలు, వెల్లుల్లి కలిపి నూరిన పచ్చడి ఒకటుంది, నీ ఎర్రకారం ముందు నిలబడదు గానీ అన్నంలోకి నడుస్తుంది. మనుషులు మంచివాళ్లే. కానీ బస్సులో ఎవరూ ఎవరితో మాట్లాడరు. మొన్న బస్సులో వెనక సీట్లో ఒకావిడ దగ్గింది. అచ్చం నీ దగ్గే, చివర్లో ఆ ఈల వంటి చప్పుడుతో సహా. తిరిగి చూశాను. ఆవిడ నన్ను చూసి కర్చీఫ్ అడ్డం పెట్టుకుంది. రెండు స్టాపులు ముందే దిగి నడిచి వచ్చాను.

ఇప్పుడు అసలు వార్త. పేపర్లో ముఖ్యమైనది ముందు రాస్తాం, నేను ఇక్కడిదాకా తెచ్చాను. ల్యాబు నుంచి ఫలితం వచ్చింది. నీ ఛాతీలోని క్రిమిని చంపేవి, ఫోన్లో చెప్పిన ఆ ఫేజ్‌లు, రెండు దొరికాయి.

ఎట్లా దొరికాయో చెబుతాను. పోయిన ఏడు హన్మకొండ డాక్టరమ్మ నీ కఫం తీసి పరీక్షకు పంపింది గుర్తుందా. అందులో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా తేలింది. దానిని హైదరాబాద్ ల్యాబు వాళ్లు విడిగా పెంచి, అనుమతి కాగితాలన్నీ అయ్యాక ఇక్కడికి పంపారు. నీ కంటే ముందు నీ క్రిమి విమానమెక్కి ఈ దేశం చూసింది. ఇక్కడ ల్యాబులో నినో అనే ఆవిడ దానిని పరీక్షించింది. నినోకు నీ వయసే ఉంటుంది. తక్కువ మాట్లాడుతుంది. పని చేసిందంటే చేసిందంటుంది, లేదంటే లేదంటుంది. నాకు నచ్చింది.

రెండు నెలల కింద మొదటిసారి పోయినప్పుడు ఒక గాజు మూత పళ్లెం చూపించింది. అరచేతిలో పట్టేంత ఉంది. దానినిండా నీ క్రిమి పెరిగి, పళ్లెమంతా పలచటి మీగడ కట్టినట్టు మసకగా ఉంది. దాని మీద ఫేజ్ మందు చుక్కలు వేస్తారు. చుక్క పడ్డచోట క్రిమి చస్తే అక్కడ తేటబడుతుంది. ఇక్కడి మందుల షాపుల్లో దొరికే తయారు మందు చుక్కలు వేశారు. ఎక్కడా తేట పడలేదు. పళ్లెమంతా అదే మసక. నినో ‘లేదు’ అంది. అంతే అంది. ఆ రోజు నీకు ఫోన్ చేసి ‘ఇంకా చూస్తున్నారు’ అన్నాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు.

తర్వాత వాళ్ల దగ్గర దాచిపెట్టిన పాత ఫేజ్‌లన్నీ ఒక్కొక్కటే తీసి నీ క్రిమి మీద వేశారు. పోయిన నెలాఖరున పిలిచారు. ఈసారి పళ్లెం మీద రెండుచోట్ల గుండ్రంగా తేటగా ఉంది. పళ్లెం కింద పెట్టిన కాగితం మీది అక్షరాలు ఆ రెండు చోట్లనుంచే కనబడ్డాయి. మూడోచోట సగం సగం ఉంది. దానిని లెక్కలోకి తీసుకోవద్దని నినో చెప్పింది.

ఫేజ్ అంటే ఏమిటో ఫోన్లో చెప్పినప్పుడు నువ్వు తిట్టావు. మళ్లీ ఒకసారి చెబుతాను. మనకు జబ్బు చేసే వైరస్‌లున్నట్టే బ్యాక్టీరియాకు జబ్బు చేసే వైరస్‌లున్నాయి. వాటినే ఫేజ్‌లంటారు. ఒక్కో ఫేజ్ తనకు సరిపోయిన బ్యాక్టీరియానే పట్టుకుంటుంది. దాని లోపలికి దూరి, తనలాంటివి పుట్టించి, దానిని పగలగొట్టుకుని బయటికి వస్తుంది. మనిషి కణాలను అది పట్టుకోలేదు. ఇది నా మాట కాదు, నినో మాట, డాక్టరమ్మ కూడా ఇదే చెప్పింది.

నువ్వన్న మాటలు నాకు గుర్తున్నాయి.

“వైరసా? మీ బావను తీస్కపోయింది సాలలేదా తమ్మీ? ఇంకోటి తెచ్చి నా ఛాతిల పోస్తవా?”

కరోనా రెండోసారి వచ్చినప్పుడు బావ పోయినంక ఆ మాట వింటేనే నీకు ఒళ్లు మండుతుందని నాకు తెలుసు. నేను వేరే మాట వాడి ఉండాల్సింది. తర్వాత అది ఎక్కడ దొరుకుతుందని అడిగావు. నది నీళ్లలో, మురికి కాలువ నీళ్లలో, ఆ బ్యాక్టీరియా ఎక్కడుంటే అక్కడ. అక్కడినుంచి తీసి, వడగట్టి, శుభ్రం చేస్తారని చెప్పాను.

“ముప్పయ్యేండ్లు పేపర్ల రాసి రాసి, ఆఖరికి అక్కకు మోరి నీళ్లు తాపుతవురా? గవ్వే గావాల్నంటె మా ఎనుమాముల గేటు ముంగటనే మస్తున్నయి. నువ్వు గంత దూరం పోవుడెందుకు?”

వెనక రజిత నవ్వడం వినబడింది. నేనూ నవ్వాను. నెలరోజులు నువ్వు వద్దన్నావు, నేను ఒప్పించాలని చూశాను. పోయిన ఆదివారం నువ్వే ఫోన్ చేసి అన్నావు:

“ఇగ సాలు తమ్మీ. నువ్వు చెప్తానవు గదా. నువ్వు చెప్పినంక మల్ల అడుగుడేంది? నువ్వు ఇయ్యమన్న గోలీ ఎన్నడన్న ఒద్దన్ననా నేను? తాగుత. ఏడ సంతకం పెట్టాల్నో రజితకు చెప్పు.”

నేను కోరుకున్న మాట అదే. విన్నాక సంతోషం కలగలేదు. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఫలితం చెప్పిన రోజే నినో నాకొక ఫారం ఇచ్చింది. వైద్యం మొదలుపెట్టాలంటే రోగి చరిత్ర కావాలి. మొదటి పేజీ సులభంగా నింపాను. పేరు సారక్క. వయసు అరవై ఒకటి. ముప్పై ఏళ్లప్పుడు టీబీ వచ్చింది, పూర్తిగా మందు వాడింది, తగ్గింది. ఆ మచ్చల వల్ల ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాలు సాగి వెడల్పయ్యాయి, వాటిలో కఫం నిలుస్తుంది, నిలిచిన కఫంలో క్రిమి చేరుతుంది. ఎనుమాముల మార్కెట్ యార్డులో ఇరవై రెండేళ్లుగా మిర్చి తాలుకాయలు ఏరే పని. పోయిన చలికాలంలో రెండుసార్లు దవాఖానలో చేరింది.

రెండో పేజీలో ఒక పట్టిక. గడిచిన ఐదేళ్లలో వాడిన యాంటీబయాటిక్‌లన్నీ రాయాలి. నాలుగు గడులు. మందు పేరు. ఎప్పుడు వాడారు. ఎన్ని రోజులు. నాలుగోది, మందు రాసిన వారు.

ఇక్కడికి వచ్చేటప్పుడు నా పాత రిపోర్టింగ్ నోట్‌బుక్కులు తొమ్మిది తెచ్చుకున్నాను. ఎప్పుడైనా పుస్తకం రాయాలని. సూట్‌కేసులోంచి వాటిని తీశాను. నీ మందుల పేర్లు ఎందులో ఉంటాయో నాకు తెలుసు. నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను ఏ మీటింగులో ఉంటే ఆ పేజీ అంచున రాసుకునేవాణ్ని. పత్తి ధర పడిందని రైతులు రోడ్డు మీద బైఠాయించిన రోజు, వాళ్ల మాటల పక్కన సున్నా చుట్టి ఉంది: ‘సిప్రో, అక్క, 3 రోజులు’. ఏటూరునాగారం వరద వార్త పేజీలో: ‘లివో, అక్క, 3 రోజులు’. చెరువు ఆక్రమణల సర్వే నంబర్ల కింద మళ్లీ సిప్రో. అజిత్రో. సెఫిక్సిమ్. మళ్లీ లివో. పదకొండుసార్లు. అన్నీ మూడు రోజులే. ఆ పదకొండింటిలో ఒక్కదానికీ డాక్టరు చీటీ లేదు.

నీకు గుర్తుంటుంది. దగ్గు ముదిరితే నాకు ఫోన్ చేసేదానివి. నేను హన్మకొండ చౌరస్తాలో మెడికల్ షాపు మల్లేశానికి ఫోన్ చేసేవాణ్ని. “మల్లేశం, అక్కకు మళ్ల మొదలైంది. పోయినసారి ఇచ్చిందే ఇయ్యి. రజిత వస్తాంది.”

ఒక్కసారి, మొదట్లో, మల్లేశం అడిగాడు. “సమ్మన్నా, ఏమనుకోకు. జర డాక్టరు చీటీ ఉంటె మంచిగుంటది. గట్టి మందు గదా.”

“నేనే చీటీరా,” అన్నాను.

వాడు నవ్వాడు. నేను నవ్వాను. తర్వాత ఎన్నడూ అడగలేదు. జిల్లా పేపరోడు ఫోన్ చేస్తే మందుల షాపువాడు చీటీ ఎందుకు అడుగుతాడు? అప్పుడు నాకది గొప్పగా ఉండేది. మా అక్క దవాఖాన లైన్లో నిలబడకుండా చేస్తున్నానని అనుకున్నాను. నువ్వు కూడా యార్డులో అందరికీ అదే చెప్పుకునేదానివి.

ఇంకొకటి కూడా రాయాలి. ఆ రోజుల్లోనే చీటీ లేకుండా యాంటీబయాటిక్‌లు అమ్మే షాపుల మీద నేను వరుసగా నాలుగు రోజులు వార్తలు రాశాను. పేర్లతో సహా రాశాను. దాని వల్ల తనిఖీలు కూడా జరిగాయి. నువ్వు చదవలేకపోయినా నా ఫోటో ఉందని ఆ పేజీని రజితతో లామినేషన్ చేయించి గోడకు పెట్టించావు. ఆ వార్తల కోసం నేను తిరిగిన షాపుల జాబితా నోట్‌బుక్కులో ఉంది. మల్లేశం షాపు పేరు రాసి కొట్టేసి ఉంది. ఎందుకు కొట్టేశానో నాకు తెలుసు. అది నీ మందుల షాపు. రజితా, ఆ పేజీ ఇంకా గోడ మీద ఉంటే తీసేయి. ఇది బాధలో అంటున్న మాట కాదు. దాంట్లో ఒక షాపు తక్కువుంది, అందుకని.

ఇక డాక్టరమ్మ పంపిన పరీక్ష కాగితం. ఏ మందు నీ క్రిమి మీద పనిచేస్తుంది, ఏది చేయదు అని అందులో ఉంటుంది. పనిచేయని దాని ఎదురుగా ‘ఆర్’ అనే అక్షరం వేస్తారు. నా నోట్‌బుక్కు జాబితా ఎడమవైపు, ఆ కాగితం కుడివైపు పెట్టుకుని చూశాను. సిప్రో, ఆర్. లివో, ఆర్. మిగతావాటి సంగతి నినోను అడిగాను. అజిత్రో, సెఫిక్సిమ్ ఈ క్రిమిని చంపే మందులే కావు, దాని పక్కనున్న బలహీనమైన క్రిములను చంపి దీనికి చోటు ఇచ్చి ఉంటాయని చెప్పింది. దవాఖానలో ఇచ్చిన ఇంజెక్షన్ల వల్ల కూడా ఇది ముదిరి ఉండవచ్చునని, ఏ మందు వల్ల ఎంత అని ఎవరూ తేల్చి చెప్పలేరని కూడా అంది. ఆ మాట కూడా రాస్తున్నాను, ఎందుకంటే అది నిజం. కానీ నేను దాని వెనక దాక్కోను.

ఫారం తిరిగి ఇచ్చిన రోజు మాత్రం దాక్కున్నాను. పట్టికలో నాలుగో గడిలో పదకొండు వరుసల్లోనూ ‘స్థానిక వైద్యుడు’ అని రాసి ఇచ్చాను. నినో కళ్లద్దాలు పైకి జరుపుకుని చదివింది.

“అన్నీ ఒకే డాక్టరు రాశాడా?” అని అడిగింది.

“అవును.”

“ఒక్కసారి కూడా కఫం పరీక్ష చేయించలేదా?”

“లేదు.”

“ఆయన చదువేంటి?”

నేను ముప్పై ఏళ్లు అధికారులను ఇట్లాంటి ప్రశ్నలే అడిగాను. మూడో ప్రశ్నకు అవతలి మనిషి గొంతు సవరించుకుంటే అబద్ధమాడుతున్నాడని అర్థం. నేను గొంతు సవరించుకున్నాను.

నినో ఫారం మడిచింది. “మీ అక్క ఇంకా ఆయన దగ్గరికే పోతుంటే మాన్పించండి,” అంది.

“ఆయన ఇప్పుడు వరంగల్‌లో లేడు. ఇక్కడికి వచ్చాడు.”

కాసేపు నన్ను చూసింది. బల్ల సొరుగులోంచి ఖాళీ ఫారం ఇంకొకటి తీసి నా ముందు పెట్టి, కలం ఇచ్చింది. తర్వాత టీ పోసింది. ఇక్కడ టీలో పాలు పోయరు.

తేదీలు సరిచూసుకోవడానికి నీకే ఫోన్ చేశాను, గుర్తుందా. ‘ఆ గోలీలు మూడు రోజులూ పూర్తిగా వేసుకున్నావా’ అని అడిగాను. నువ్వు నవ్వి చెప్పిన జవాబు నేను అట్లాగే రాసిపెట్టుకున్నాను:

“మూడు దినాలదాంక ఎవలు మింగుతరు తమ్మీ? రెండు దినాలకే నిమ్మలమయ్యేది. మిగిలినయి యాకమ్మకిచ్చేది. దానికి గూడ నా లెక్కనే దగ్గు. పాపం, దానికి పేపర్ల తమ్ముడు లేడు గదా.”

నీ పక్కన కూర్చుని ఇన్నేళ్లు తాలు ఏరిన యాకమ్మ. మీ ఇద్దరి అన్నం గిన్నెలు ఒకే సంచిలో ఉండేవి. నాకిది ఇంతకుముందు తెలియదు. నువ్వు నీ మంచితనంతో పంచావు. అందులో నీ తప్పేమీ లేదు. పూర్తిగా వేసుకోవాలని నీకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది మందు ఇప్పించినవాడు. వాడే మూడు రోజులకు ఇప్పించాడు, నువ్వు రెండు రోజుల్లో ఆపావు, మిగిలిన ఒక రోజుది యాకమ్మ మింగింది. అంటే నేను మీ ఇద్దరి ఛాతీలోనూ ఆ క్రిమికి పాఠం చెప్పాను, మందు నుంచి ఎట్లా తప్పించుకోవాలో.

నువ్వు ఇప్పుడు ఏమంటావో నాకు తెలుసు. “పోనీలేరా, నువ్వు కావాలని చేసినవా” అంటావు. అనొద్దు. కావాలని చేయలేదన్నది నిజమే. తెలియక చేశానన్నది మాత్రం నిజం కాదు. ఆ నాలుగు రోజుల వార్తల్లో మూడో రోజుది నేను ఇద్దరు డాక్టర్లను అడిగి రాశాను. సగం వాడి ఆపేస్తే క్రిమి మొండికేస్తుందని నా చేత్తోనే రాశాను. అది అచ్చయిన వారమే నీకు లివో చెప్పాను.

ఇప్పుడు ముందర ఉన్నది చెబుతాను. మళ్లీ ముదిరితే డాక్టరమ్మ దగ్గర నీకు మిగిలింది ఒక్క ఇంజెక్షన్. అది కిడ్నీల మీద పడుతుందని ఆమె భయం. అందుకే ఫేజ్ వైద్యం చూద్దామని ఆమె ఒప్పుకుంది. మన దేశంలో ఇది ఇంకా మామూలు మందు కాదు. వాడాలంటే ఒక్క రోగి కోసమని అనుమతి తెచ్చుకోవాలి, లేదంటే నువ్వు ఇక్కడికి రావాలి. వస్తే మూడు నాలుగు వారాలు ఉండాలి. పొద్దున, సాయంత్రం మిషన్‌తో ఆవిరిలాగా పీల్చాలి. ఆ మిషన్ నీకు అలవాటే. అవసరమైతే పక్కన యాంటీబయాటిక్ కూడా ఇస్తారు. ఎండలు ముదరకముందు రజితను తోడు తీసుకుని రావచ్చు. టికెట్లు, వీసా నేను చూసుకుంటాను, ఆ సంగతి అడగకు.

ఇది చేయలేనిది కూడా రాస్తున్నాను. సాగిన గాలి గొట్టాలు మళ్లీ ముడుచుకోవు. దగ్గు పూర్తిగా పోతుందని ఎవరూ అనలేదు. క్రిమి ఈ ఫేజ్‌ల నుంచి కూడా తప్పించుకోవడం నేర్చుకోవచ్చు. అట్లా తప్పించుకునేటప్పుడు ఒక్కోసారి అది బలహీనపడి పాత మందులకు మళ్లీ లొంగుతుందట, కానీ ప్రతిసారీ కాదు. మొదట్లో జ్వరం రావచ్చు. బాగుపడ్డవాళ్లున్నారు, ఏమీ తేడా కనబడనివాళ్లున్నారు. పెద్ద పరీక్షలు ఇంకా నడుస్తున్నాయి. పళ్లెంలో తేటబడిందంటే ఛాతీలో తేటబడుతుందని కాదు. ఈ చివరి మాట నినో రెండుసార్లు చెప్పింది.

కాబట్టి ఒకటి అడుగుతాను అక్కా. ఈసారి నా మాట మీద మందు తీసుకోకు.

సంతకం కాగితం ఫైల్లో ఉంది. నేనే తెలుగులోకి రాశాను. ఉత్తరం అందిన రోజు దాని మీద సంతకం పెట్టకు. రజితను తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి పో. నాకు తెలిసిన మనిషి లైను తప్పించి లోపలికి పంపుతాడు, కానీ నేను ఫోన్ చేయను. ఓపీ చీటీ తీసుకుని వరుసలో కూర్చో. ఆమెను మూడు సంగతులు అడుగు. ఇది నాకు వద్దంటే ఏం జరుగుతుంది? ఇది పనిచేయకపోతే ఏం చేస్తారు? మీ అమ్మకైతే ఇస్తారా? మూడోది నేను ప్రతి డాక్టరునూ అడిగే ప్రశ్న. జవాబు కంటే జవాబు చెప్పేటప్పుడు మొహం చూడు. రజితకు కాదు, నీకు అర్థమయ్యేదాకా అడుగు. అడిగినంక నీకు వద్దనిపిస్తే వద్దు. నేను ఒక్క మాట కూడా అనను. ఒప్పించను.

పోయేటప్పుడు యాకమ్మను కూడా తీసుకుపో. ఆమె కఫం పరీక్ష చేయించు. రాదు, “నాకేమైంది” అంటుంది. సారక్క తమ్ముడు చెప్పాడని మాత్రం అనకు. ఆ మాటతోనే ఇదంతా అయింది. నువ్వు అడిగావని చెప్పు.

ఇంకా చిన్నచిన్నవి. ఇంట్లో ఆ బిస్కెట్ డబ్బాలో మిగిలిన గోలీలు ఉంటాయి. అన్నీ డాక్టరమ్మకు చూపించి, ఆమె పారేయమంటే పారేయించు, ఎవరికీ ఇవ్వకు. ఈ సీజన్‌కు యార్డుకు పోవద్దు. మిర్చి వస్తున్నదంటే నీ కాళ్లు ఆగవని తెలుసు, అయినా పోవద్దు. సుష్మ తిరిగి వచ్చేటప్పుడు కారం పంపుతానన్నావు. పంపాలనుంటే రజిత గిర్నీకి పోయి పట్టించుకొస్తుంది, నువ్వు ఆ గల్లీకి కూడా పోకు. ఇక్కడ ఎర్ర పచ్చడితో మాకు నడుస్తుంది. సుజాత నీకు ఉన్ని మఫ్లర్ అల్లింది, ఫైలుతోపాటు సుష్మ ఇస్తుంది. ఎరుపు రంగు వద్దన్నాను, వినలేదు. “వదినెకు ఎరుపే మంచిగుంటది, నీకేం తెలుసు” అంది.

మల్లేశం కనబడితే నేను అడిగానని చెప్పు. వాడికి విడిగా రాస్తున్నాను. వాడు ఆ రోజు చీటీ అడిగాడు. ఆ మాట వాడికి గుర్తుందో లేదో, నాకు గుర్తుందని రాస్తాను.

యాకమ్మకు, మన వాడకట్టు పెద్దలకు నా దండాలు. రజితకు దీవెనలు. ప్రతి ఉత్తరం చివర నీ ఆశీర్వాదం అడిగేవాణ్ని. ఈసారి తొందర లేదు. డాక్టరమ్మను అడిగి వచ్చాక, కోపం రావాలి కాబట్టి కోపం తెచ్చుకుని, నన్ను తిట్టాల్సింది తిట్టాక, ఇంకా ఏమైనా మిగిలితే అప్పుడు ఇయ్యి.

రజితా, ఇక ఫైలు తెరువు. నినోకు నింపి ఇచ్చిన రెండో ఫారానికి తెలుగు నకలు అందులో ఉంది. రెండో పేజీ. నాలుగో గడి మీద ‘మందు రాసిన వారు’ అని ఉంది. కింద పదకొండు వరుసల్లో ఒకే పేరు ఉంది. అమ్మ వేలు పట్టుకుని ఆ వరుసల మీద పై నుంచి కిందిదాకా జరుపు, పేరు పైకి చదువు. దాని కింద చిన్న గీత మీద ‘రోగికి ఏమవుతారు’ అని అడిగారు. అక్కడ రాసింది కూడా చదువు.

తమ్ముడు,
సమ్మయ్య